క్వారీదే, పండుకోండి

మా ఇల్లు మదనపల్లెలో మార్కెట్ యార్డుకు పోయే దారిలో ఉంది. టమాటా లారీలు పోయేటప్పుడు కిటికీ అద్దాలు గలగలమంటాయి. నేను పుట్టినప్పటి నుంచీ అంటూనే ఉన్నాయి, ఎన్నడూ పట్టించుకున్న పాపాన పోలేదు. ఇప్పుడు మాత్రం అద్దం కదిలితే చాలు, చేతిలో గరిటె ఉన్నా, ఫోనున్నా పక్కన పెట్టి, వంగి నేల మీద అరచెయ్యి ఆనిస్తాను. "కింద ఎవరైనా పిలుస్తున్నారా మమ్మీ?" అని మా అమ్మాయి ఎగతాళి చేస్తుంది. లారీ దాటిపోయిందాకా అట్లాగే ఉండి, చెయ్యి దులుపుకుని లేస్తాను. ఈ అలవాటు నాకు అంటించిన మనిషి పోయి నెల దాటింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా ఆయన ఊళ్లోనే సగం మంది గుర్తుపట్టరు. మేస్త్రి అంటే మాత్రం పిలకాయలు కూడా ఇల్లు చూపిస్తారు. ఇళ్లు కట్టే మేస్త్రి కాదు, బండలు పేల్చే మేస్త్రి. కుప్పం వైపు గ్రానైటు క్వారీల్లో ముప్పై ఏళ్లకు పైగా అదే పని. బండకు ఎక్కడ బెజ్జం వేయాలో, ఎంత లోతు వేయాలో చెప్పేది ఆయన. ఈల వేసి అందరినీ దూరం పంపేది ఆయన. వత్తి అంటించి చిట్టచివర పరిగెత్తుకొచ్చేదీ ఆయనే. ఆ పని ఆయన చెవులు సగం తినేసింది, ఊపిరి సగం తినేసింది. మిగిలిన సగాలతో పుంగనూరు దగ్గర సొంత ఊరు చేరి, భార్యతో కలిసి రెండు ఆవులు పెట్టుకుని బతికేవాడు. నేను ఎరిగేనాటికే అరవై దాటాయి. ఖాకీ చొక్కా, పంచె, మెడలో తువ్వాలు, తువ్వాలు కింద నల్లతాడుకు వేలాడే ఇత్తడి ఈల. క్వారీ వదిలినా ఈల వదల్లేదు. "అది తీసేస్తే మెడ చల్లంగా ఉంటాదమ్మా," అనేవాడు.

నాలుగేళ్ల కిందట వానలు పట్టుకున్నాక ఒక సాయంత్రం ఆ చుట్టుపక్కల పల్లెల్లో భూమి కదిలింది. పెద్దదేమీ కాదు. ఎవరూ చనిపోలేదు. అటకల మీది గిన్నెలు పడ్డాయి, పాత మిద్దెల గోడలు బీటలిచ్చాయి, పేపర్లో లోపలి పేజీలో నాలుగు లైన్లు వచ్చింది. ఆ ఊరికి ఆనుకున్న గుట్ట మీద కూడా ఒక క్వారీ ఉంది. దాని చప్పుళ్లకు అలవాటు పడిన జనం ఇదీ అదేననుకున్నారు. "ఈపొద్దు మందు ఎక్కువ పెట్టినట్టుండారు, ఇండ్లు కూలగొడతారా ఏంది!" అని తిట్టుకుంటూ పదిమంది మగవాళ్లు గుట్ట మీదికి కొట్లాటకు బయలుదేరారు కూడా. వాకిట్లో ఆవుకు కసువు వేస్తున్న మేస్త్రి మాత్రం చెప్పులు విడిచి, మోకాళ్ల మీద కూర్చుని, రెండు అరచేతులూ నేలకు ఆనించి ఉన్నాడట. వాళ్లను చూసి తల అడ్డంగా ఊపాడట.

"యాడికప్పా పోతారు? ఇది క్వారీ కాదు. భూమి."

అంతవరకూ భూమి కదిలితే క్వారీ అనుకున్న ఊరు, మరుసటి రోజు నుంచి క్వారీ పేలితే భూమి అనుకోవడం మొదలుపెట్టింది. గుట్ట మీద ఒక్క దెబ్బ పడితే చాలు, ఊరు ఊరంతా వీధిలో ఉండేది. అన్నం పొయ్యి మీద మాడిపోయేది. బడి పిల్లలు గదిలో కూర్చోమంటే ఏడ్చేవాళ్లు. ఒక పెద్దాయన కాళ్లకు చెప్పులతోనే నిద్రపోయేవాడు, వారానికి రెండుసార్లు భార్య చేత తిట్లు తినేవాడు. మధ్యమధ్య నిజంగానే భూమి చిన్నగా కదిలేది, అదొక చిక్కు. ఇళ్లల్లో పడుకునే వాళ్లు లేరు. చేలగట్ల మీద నీలం పట్టలు కట్టుకుని, దోమల్లో, ముసురులో, పాముల భయంతో పడుకునేవాళ్లు. ఏ చప్పుడైనా అందరి తలలూ ఒకే వైపు తిరిగేవి.

"మేస్త్రన్నా! క్వారీనా, భూమా?"

ఆయన వంగి చెయ్యి పెట్టి చూసి చెప్పేవాడు. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

నేను అక్కడికి పోయింది కౌన్సెలర్‌గా. మా అమ్మ మదనపల్లెలో మిషన్ ఆస్పత్రి నర్సు. బాధలో ఉన్న మనిషి పక్కన నోరు మూసుకుని కూర్చోవడం ఆమెను చూసి నేర్చుకోవాల్సింది. నేను సైకాలజీ చదివి మాట్లాడడం నేర్చుకున్నాను. ఒక స్వచ్ఛంద సంస్థ నన్నూ ఇంకో ఇద్దరినీ జీపులో పంపింది. చేతిలో ఫారాలు. నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, చప్పుళ్లకు ఉలిక్కిపడుతున్నారా. ఒక్కో ప్రశ్నకు ఎదురుగా టిక్కు పెట్టడానికి గళ్లు.

మొదటి రోజు ఒక పట్ట కింద ఇరవై మందిని కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని, నిదానంగా ఊపిరి పీల్చి, నాలుగు లెక్కపెట్టి వదలమన్నాను. అందరూ మూసుకున్నారు. ఒక్కాయన మాత్రం వక్కాకు నములుతూ నన్నే చూస్తున్నాడు.

"మీరు కూడా మూసుకోండి నాయనా," అన్నాను.

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. గట్టిగా మళ్లీ చెప్పాను.

"అందురూ మూసుకుంటే సూసేదెవురమ్మా?" అన్నాడు. "అయినా ఊపిరి సంగతి నాకు చెప్తాండావా? దుమ్ములో బిగబట్టి బతికినోణ్ణి. ఉండేదే సగం. దాన్ని గూడా లెక్కపెట్టి వదిలేస్తే నాకేం మిగుల్తాది?"

పట్ట కింద అందరూ కళ్లు తెరిచి పకపకా నవ్వారు. ఇన్ని రోజుల్లో వాళ్లు నవ్వింది అప్పుడేనని తర్వాత తెలిసింది. నాకు మాత్రం లోపల కొంచెం మండింది. మూడేళ్లు చదివి తెచ్చుకున్న విద్యను ముసలాయన ఒక్క మాటతో పక్కన పెట్టేశాడు.

మధ్యాహ్నం ఆయనే నన్ను పిలిచాడు. "ఈడ కూర్చో అమ్మా. చెప్పులిడువు. చెయ్యి పెట్టు," అని తడినేల చూపించాడు. గుట్ట మీద పేల్చే వేళ. ఇద్దరం చెయ్యి పెట్టుకుని కూర్చున్నాం. దూరంగా ధన్‌మంది.

"సూస్తివా? క్వారీది ముందు చెవికొస్తాది, తర్వాత నేలకొస్తాది. ఒకటే దెబ్బ, కొట్టి పోతాది. భూమిది అట్ల గాదు. ముందు అరికాలికి, తర్వాత గిన్నెలకు, ఆఖర్న మనిషికి తెలుస్తాది. నాకు చెవి పోయింది గదా, అందుకే చెయ్యి బాగా పనిచేస్తాది."

"మీకు భయం వేయదా?" అని అడిగాను. ఫారంలో ఉన్న ప్రశ్నే అది, కాకపోతే ఫారం బయటకు తీయలేదు.

ఆయన వక్కాకు పక్కకు ఉమ్మి, తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. "పేలిన గుంతకు భయం లేదమ్మా. పది గుంతల్లో మందు పెడితే ఒక్కోసారి తొమ్మిదే పేల్తాయి. ఒకటి నిలిచిపోతాది. యాల పేల్లేదో తెలీదు, ఎప్పుడు పేల్తాదో తెలీదు. దానికాడికి ఎవురో ఒకరు పోయి సూడల్ల. కూలోళ్లు పోగూడదు. డ్రిల్లర్ పోగూడదు. మేస్త్రే పోవల్ల, ఒక్కడే పోవల్ల. మిగిలినోళ్లు దూరంగా కూర్చోని బీడీ తాగతా ఉంటారు. అందుకే వాణ్ణి మేస్త్రి అనేది."

"ఎన్నిసార్లు పోయారు?"

"పోయిన ప్రతిసారీ ఇదే ఆఖరనుకున్నా. తిరిగొచ్చినాక సంగటి తినేసి పండుకునేవాణ్ణి." నేల మీద తట్టాడు. "ఇది గూడా అట్ల నిలిచిపోయిన గుంతే. కాకపోతే దీనికాడి నుంచి తిరిగొచ్చేదానికి దారి లేదు. దీని మీదనే గదా మనం ఉండేది."

మాట బాగుందనిపించింది. నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఆయన తన సంగతి చెబుతున్నాడని నాకు తోచలేదు.

ఆ పట్టల్లో ఒకదాని కింద ఒక బాలింత ఉండేది. ఇరవై, ఇరవై ఒకటి ఉంటాయి. ఆడబిడ్డ పుట్టి నెల కూడా కాలేదు. భర్త గుట్ట క్వారీలో డ్రిల్లర్. మేము పోయిన రెండో వారంలో ఎడతెగని ముసురు. పట్ట పక్కల నుంచి నీళ్లు కారి పరుపు, బొంతలు తడిసి ముద్దయ్యాయి. బిడ్డకు జలుబు ముదిరి, పాలు తాగడానికి కూడా ఊపిరి చాలడం లేదు. ఊరి నర్సమ్మ వచ్చి చూసి మందు ఇచ్చి, "మందొక్కటే సాలదు. పొడిగా, వెచ్చగా ఉంచకపోతే బిడ్డ దక్కదు," అని గట్టిగా చెప్పింది. వాళ్ల ఇల్లు పట్టకు యాభై అడుగుల దూరం. అంతకుముందే ఇంజినీరు వచ్చి చూసి, గోడ గట్టిగానే ఉంది, పూత మాత్రం బీటలిచ్చిందని చెప్పిపోయాడు. అయినా ఆ అమ్మాయి కదల్లేదు. భర్త కొన్ని రోజులుగా పనికి పోకుండా పక్కనే ఉన్నాడు. ఆయనా చెప్పి చూశాడు. నేనూ చెప్పాను. నాకొచ్చిన విద్యలన్నీ వాడాను.

"మేస్త్రన్న చెప్తే పోతా మేడమ్," అంది చివరికి.

నేను నేరుగా మేస్త్రి దగ్గరికి పోయాను. ఆయన ఆవును కొట్టం బయట కట్టేస్తున్నాడు.

"ఆ ఇల్లు గట్టిదే. నేనూ సూసినా," అన్నాడు. "అయితే వచ్చేది ఎంత వస్తాదో నాకు తెలీదు గదమ్మా. తెలీంది ఎట్ల చెప్పేది? ఇప్పటిదాంకా నా చేతికి తెలిసిందే చెప్పినా."

"మీ మాట తప్ప ఇంకెవరి మాటా వినరు నాయనా. బిడ్డ పోతుంది."

ఆయన గుంజకు తాడు చుడుతూనే ఉన్నాడు. అప్పుడు నేను ఒక తెలివైన మాట అన్నాను. ఎంత తెలివైనదో తలుచుకుంటే ఇప్పటికీ నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

"నిలిచిపోయిన గుంత దగ్గరికి మేస్త్రే కదా పోవాల్సింది?"

ఆయన నా వైపు ఒకసారి చూశాడు. తాడు ముడి వేసి లేచి, నాతో వచ్చాడు.

పొద్దు వాలుతోంది. పట్టల మధ్య నిలబడి తాడు పట్టుకుని ఈల బయటకు తీసి అందరికీ చూపించాడు. "వినండప్పా. నేను ఈడనే బయట కూర్చుంటా. నిద్రపోను. భూమి అయితే ఈల ఏస్తా, లేసి రాండి. ఈల ఏయకుంటే క్వారీదే, పండుకోండి." జనం గుసగుసలాడుకున్నారు. ఒకరిద్దరు చాపలు చుట్టడం మొదలుపెట్టారు. బాలింత బిడ్డను ఎత్తుకుని నిలబడింది గానీ అడుగు పడలేదు.

సరిగ్గా అప్పుడే గుడగుడమంది. సత్తు చెంబు ఒకటి దొర్లింది. అందరూ రాళ్లయిపోయారు. అందరి తలలూ మేస్త్రి వైపు తిరిగాయి.

ఆయన వంగి చెయ్యి పెట్టాడు. నేను పక్కనే ఉన్నాను. చాలాసేపు పెట్టినట్టనిపించింది. తల ఎత్తి ముందు బిడ్డను చూశాడు, తర్వాత తల్లిని చూశాడు.

"క్వారీదే," అన్నాడు. "క్వారీదే. పోండి లోపలికి. పండుకోండి."

ఆ అమ్మాయి మొగుడి వైపు చూసింది. అతను నేల చూపులు చూస్తున్నాడు. ఒక్క క్షణం నిలబడి, కొంగు బిడ్డ తల మీద కప్పి, గబగబా ఇంట్లోకి పోయింది. ఆమె వెనక ఇంకో ఇల్లు, దాని వెనక ఇంకో ఇల్లు. వారం తిరక్కుండా పట్టలన్నీ మడిచి అటకలెక్కించారు. బిడ్డ తేరుకుంది. నేను రిపోర్టులో, ఇళ్లలోకి తిరిగి వెళ్లిన కుటుంబాలు అనే చోట, అన్నీ అని రాశాను.

అది నిజం కాదు. మేస్త్రి నులకమంచం వీధిలోనే ఉంది.

ఆయన భార్య ఒకసారి నాతో అంది. "మీ మేస్త్రి ఇంట్లోకి రాడంలేదమ్మా. సంగటి గూడా వాకిట్లోనే తింటాండాడు. రేయంతా కూసోనే ఉంటాడు. నువ్వొక మాట చెప్పు." చెబుతాను అన్నాను. "మెల్లగా అలవాటు పడతారులే," అని కూడా అన్నాను. ఊరందరికీ ఫారాలు నింపాను, ఆయనకు నింపలేదు. మా కాగితాల్లో ఆయన బాధితుడు కాదు, వాలంటీరు.

పుంగనూరులో ఒక మీటింగు పెట్టి ఆయనకు శాలువా కప్పించాం. అది కూడా నా ఆలోచనే. స్టేజీ మీద కుర్చీ వేస్తే కూర్చోలేదు, తలుపు పక్కన నిలబడ్డాడు. ఎంత బతిమాలినా అంతే. మైకు ఇస్తే, "నేను చేసిందేం లేదప్పా," అని వెంటనే తిరిగిచ్చేశాడు. చప్పట్లు కొడుతుంటే ఆయన తల ఎత్తి స్లాబు వైపు చూస్తున్నాడు. బయటికి వస్తూ నన్ను అడిగింది ఒకటే. "ఈ మిద్దె ఎప్పుడు కట్టిండారమ్మా?" ఆయన కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. చూశాను. నమ్రత అనుకున్నాను, మొహమాటం అనుకున్నాను, పల్లెటూరి మనిషికి స్టేజీ భయం అనుకున్నాను. నిద్ర పడుతోందా అని అడగడానికి నాకు జీతం ఇచ్చేవాళ్లు. ఆ ప్రశ్న ఆయన్ను అడగలేదు.

తర్వాత నాలుగేళ్లు ఏడాదికి ఒకటి రెండుసార్లు ఆ దారిన పోయినప్పుడు దిగి పలకరించేదాన్ని. మంచం అక్కడే ఉండేది. వాన పడితే పైన పట్ట, చలి పడితే ఆ శాలువా. ఊరు మాత్రం ఆ భయం మరిచిపోయింది. కొత్త మిద్దెలు లేచాయి, పెళ్లిళ్లు జరిగాయి. పిలకాయలు దాన్నొక ఆటగా చేసుకున్నారు. ఒకరు వంగి చెయ్యి పెడితే మిగిలినవాళ్లు "క్వారీనా, భూమా?" అని అరుస్తారు. భూమి అంటే పరిగెత్తాలి. గుట్ట మీద దెబ్బ పడినప్పుడు ఏ ఇంట్లోంచో ఒక గొంతు, "మేస్త్రన్నా!" అనేది. బయట నుంచి ఈయన, "క్వారీదే" అనేవాడు. గోడ గడియారం గంట కొట్టినట్టు అది వాళ్లకు మామూలైపోయింది. మనిషి మాత్రం మంచానికి అంటుకుపోతున్నాడు. "దగ్గమ్మా," అనేవాడు. నేనూ దగ్గే అనుకున్నాను.

మొన్న చలికాలం చివర్లో ఆయన్ను మదనపల్లెలో ఛాతీ ఆస్పత్రికి తెచ్చారు. ఆయన భార్య ఫోన్ చేస్తే పొద్దున్నే ఇడ్లీ కట్టించుకుని పోయాను. వార్డులో మంచం ఖాళీగా ఉంది. వరండాలో స్తంభానికి వీపు ఆనించి కింద కూర్చుని ఉన్నాడు. మనిషి పిడికెడు అయిపోయాడు. మెడలో ఈల అట్లాగే ఉంది. "మంచం మీద పడుకోమంటే వినడు. ఈ చలిలో వరండాలోనేనంట. మీరైనా చెప్పండి," అంది సిస్టరు.

పక్కన కూర్చున్నాను. ఇడ్లీ ఒకటి తిన్నాడు. అంతలో కరెంటు పోయి, వెనక ఎక్కడో జనరేటర్ మొదలైంది. నేల సన్నగా అదిరింది. ఆయన చెయ్యి చటుక్కున నేలకు ఆనుకుంది.

"జనరేటర్ నాయనా," అన్నాను. "కరెంటు పోయింది."

"నిజంగానేనా?"

"నిజంగానే."

నా మొహం పరీక్షగా చూశాడు. చూసి నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగా అనిపించలేదు.

"నేను గూడా అట్లే చెప్పినా అమ్మా."

నాకు అర్థం కాలేదు. దగ్గు తెర వచ్చి పోయిందాకా ఆగి, తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకునే చెప్పాడు.

"ఆ పొద్దు వానలో, ఆ బాలింతను లోపలికి పంపినాం సూడు. అది క్వారీ కాదు. భూమే."

చేతిలోని ఇడ్లీ పొట్లం కింద పెట్టాను.

"చేతికి బాగా తెలిసింది. ముందు అరికాలికే వచ్చింది. ఈల ఏయాల్సినోణ్ణి. ఏయలా. బిడ్డ మూతి నీలంగా ఉండాది, వాన పడతాండాది, నోట్లోంచి క్వారీ అని వచ్చేసింది. ఆ పొద్దు నుంచి కండ్లు మూస్తే సాలమ్మా, ఆ మిద్దె పడిపోతాది. బిడ్డ కిందుంటాది. లేసి చెయ్యి పెట్టి సూస్తా. ఏముండదు. మల్లా మూస్తా. మల్లా పడిపోతాది. అందురూ నా మాట మీద లోపల పండుకోనుండారు. అబద్దం చెప్పినోణ్ణి, నేను ఎట్ల లోపలికి పోయేది?"

"చెప్పించింది నేను కదా నాయనా."

"నువ్వు చెప్పమంటివి. చెప్పింది నేను."

నాలుగేళ్లు. నా కళ్లెదుట, శాలువా కప్పుకుని. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. కౌన్సెలర్లు ఏడవకూడదంటారు. ఆయనే నా మోచేయి తట్టాడు.

"ఆ బిడ్డ తల్లికి చెప్పేస్తే బాగుంటాది. నాకు నోరు రాదు. నువ్వు చెప్తావా అమ్మా? తిడితే తిట్టనీ. నువ్వు చెప్పి, ఏమనిందో నాకు చెప్పు."

అడిగింది అంతే. మదనపల్లె నుంచి ఆ ఊరు గంటన్నర దారి. ఆ రోజే బస్సెక్కి, చెప్పి, సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఫోనైనా చేయవచ్చు. నేనేమన్నానో తెలుసా? "ముందు బాగై ఇంటికి పోండి నాయనా. మీరే చెబుదురు గానీ. నేను పక్కనుంటాను. మీ నోటితో చెబితేనే మీ మనసు తేలికపడుతుంది." పుస్తకంలో అట్లాగే ఉంటుంది. ఆయన తల ఊపాడు. జనరేటర్ ఆగిందాకా ఆయన చెయ్యి పక్కనే నా చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. ఆగినాక కూడా ఆయన చెయ్యి తీయలేదు.

మూడో రోజు పోయాడు. వరండాలోనే.

ఊరికి పోయేటప్పటికి వాకిట్లో జనం నిండి ఉన్నారు. ఆయన్ను ఆ నులకమంచం మీదే పడుకోబెట్టారు. ఎవరో శాలువా తెచ్చి కప్పారు. ఆయన భార్య కాళ్ల దగ్గర కూర్చుని ఉంది, ఏడుపు అయిపోయినట్టుంది. ఆ బాలింత ఇప్పుడు నాలుగేళ్ల కూతుర్ని చంకనేసుకుని గోడ పక్కన నిలబడి ఉంది. నన్ను చూసి దగ్గరికొచ్చింది. ఇప్పుడు చెప్పి ఏం లాభం అనుకున్నాను. అయినా ఆయన అడిగిన మాట మిగిలిపోయింది కదా అని, పక్కకు తీసుకుపోయి చెప్పాను. ఆ రోజు వచ్చింది భూమేనని, అబద్ధం చెప్పి లోపలికి పంపాడని, ఆ బాధతోనే ఇన్నేళ్లు బయట కూర్చున్నాడని.

ఆ అమ్మాయి ఆశ్చర్యపోలేదు.

"మాకు తెలుసు మేడమ్," అంది.

"ఏం తెలుసు?"

"ఆ వారమంతా క్వారీ లేదు గదా. క్వారీ గుంత నిండా నీళ్లు నిలిచిపోయి పని ఆపేసుండిరి. మా ఇంటాయన ఇంట్లోనే ఉండె గదా మేడమ్, మీరూ సూస్తిరి. పని లేకుండా పేలేదేంది? క్వారీకి పోయే ఇండ్లన్నిటికీ తెలుసు. మేస్త్రన్నకు ఆ గాబరాలో తట్టలేదేమో. అబద్దం చెప్పి అలవాటు లేని మనిషి."

"మరి ఎట్లా లోపలికి పోయావు?"

చంకలో పిల్లను సర్దుకుంది. "బిడ్డ సచ్చిపోతాండె మేడమ్. లోపలికి పోవల్లనే ఉండె, కాలు రాలా. ఎవురో ఒకరు పో అని చెప్తే సాలు అనిపించె. ఆయన చెప్పె. ఈల ఆయన మెళ్లోనే ఉండె, బయట కూర్చుంటాననె. ఇంగేం కావల్ల? ఏం చెప్పినాడని కాదు మేడమ్, చెప్పింది ఆయన గదా."

"ఈ మాట ఆయనకు చెప్పలేదా?"

"ఎట్ల చెప్పేది? నువ్వు అబద్దం చెప్తివి, మాకు తెలుసు అంటే ఆయన మనసు నొచ్చుకోదా? మా అత్త గూడా వద్దనె."

ఆయన నొచ్చుకుంటాడని ఊరు చెప్పలేదు. ఊరు నొచ్చుకుంటుందని ఆయన చెప్పలేదు. ఇద్దరి మధ్యా ఫారాలు పట్టుకుని తిరిగిన నేను ఎవరినీ అడగలేదు. మూడు రోజుల ముందు బస్సెక్కి ఉంటే ఈ మాట ఆయన చెవిలో పడేది, సగం చెవిలోనైనా పడేది. మంచం దగ్గరికి పోయి, వంగి, గట్టిగా చెప్పాలనిపించింది. రెండడుగులు వేశాను కూడా.

అప్పుడు గుట్ట మీద దెబ్బ పడింది.

వాకిట్లో మాటలు ఆగిపోయాయి. పిల్లలు, ముసలివాళ్లు, పాడె కడుతున్నవాళ్లు, నేను, అందరం ఒక్కసారిగా మంచం వైపు చూశాం. చూసి, అట్లాగే నిలబడిపోయాం. కాళ్ల దగ్గర కూర్చున్న ఆయన భార్య మెల్లగా చెయ్యి చాపి, నేల మీద అరచెయ్యి ఆనించింది. ఎన్ని రాత్రులు ఇంటి లోపల ఒక్కతే అట్లా పెట్టి చూసుకుందో, చెయ్యి తడుముకోకుండా పోయింది. కొంచెంసేపు ఉంచి తీసింది.

"క్వారీదే," అంది ఆయన మొహం చూస్తూ. "పండుకో."

తర్వాత మా వైపు తిరిగింది. "ఎత్తండప్పా, పొద్దుబోతాండాది."

ఆ రోజు క్వారీ నిజంగానే నడుస్తూ ఉంది.